అమీర్‌పేటలో మిస్సింగ్ కొట్టదు

గట్టిగా తొక్కితే బండి మిస్సింగ్ కొడుతోందని చెబితే అమీర్‌పేటలో ఏ మెకానిక్కూ ఒకపట్టాన నమ్మడు. నమ్మకపోవడానికి కారణమూ ఉంది. ట్రయల్ వేద్దామని మైత్రీవనం దగ్గర బయల్దేరి పంజాగుట్ట చౌరస్తా దాకా పోయినా సెకండ్ గేరు దాటడానికి సందు దొరకదు. ఆటోల వెనకా, మెట్రో స్తంభాల పక్కనా పాక్కుంటూ పోయే ఇంజిన్‌కు మిస్సింగ్ కొట్టాల్సిన ఖర్మేమిటి? "బండి మక్ఖన్‌లా ఉంది సార్" అని తాళాలు చేతిలో పెడతాడు.

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతామనే బోర్డు లేని గోడ ఈ పేటలో కనబడదు. బగ్గును మళ్లీ రప్పించి చూపించందే సరిచేశానని చెప్పకూడదని మేడ మీద పాఠం నడుస్తూంటుంది. కింద గ్యారేజీలో మాత్రం రోగాన్ని చూడకుండానే మందు రాసేస్తారు.

మనం పట్టుబడితే స్కానర్ వస్తుంది. పి0302 అని పడుతుంది. చివరి అంకె రెండో సిలిండర్‌ను చూపిస్తోంది. ఆ కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా ఉంటుంది: ఆ క్షణంలో ఆర్‌పీఎం ఎంత, లోడు ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నీ కంప్యూటర్ రాసి పెట్టుకుంటుంది. మనవాడు చేసే మొదటి పని దాన్ని చదవడం కాదు, చెరిపేయడం. లైటు ఆరిపోతుంది, ఫ్రీజ్ ఫ్రేమూ పోతుంది. తర్వాత ఎస్టిమేట్: ప్లగ్గులు నాలుగు, కాయిళ్లు నాలుగు, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, డీకార్బనైజింగ్. ఒకడికి పన్ను నొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ పళ్లు పీకినట్టు. (కాలం తీరిన ప్లగ్గుల్ని సెట్టుగా మార్చడం సబబే. కాయిళ్లకు ఆ లెక్క లేదు.)

పెడల్ గట్టిగా తొక్కినప్పుడే ఎందుకు కొడుతుందో ఒక్కసారి అడిగి చూడండి. "పెట్రోల్ ఖరాబ్ సార్, అంతా ఎథనాల్" అంటాడు. ఇ20తో మైలేజీ కొంత తగ్గే మాట నిజమే. కానీ నాలుగు సిలిండర్లూ ఒకే ట్యాంకులోది తాగుతుంటే రెండోదానికి ఒక్కదానికే పడకపోవడం ఏమిటి?

అసలు సంగతి వేరు. తొక్కగానే థ్రాటిల్ తెరుచుకుని సిలిండర్ నిండా గాలి చేరుతుంది, లోపల పీడనం పెరుగుతుంది. ఆ పీడనంలో ప్లగ్గు మొనల మధ్య స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. పీడనానికీ, గ్యాప్‌కీ, వోల్టేజీకీ ఉన్న లెక్కను పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1889లోనే తేల్చి పెట్టాడు. అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్గు ఐడిల్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది, లోడు పడగానే చేతులెత్తేస్తుంది. కాయిల్ రబ్బరు బూటుకు సన్నటి పగులుంటే స్పార్క్ లోపలికి పోవడం మానేసి పక్కనున్న ఇనుములోకి జారుకుంటుంది.

పట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. రెండో కాయిల్‌నూ మూడో కాయిల్‌నూ ఒకదాని చోట ఒకటి బిగించి మళ్లీ ట్రయల్ వేయాలి. కోడ్ పి0303 అయిందా, దొంగ కాయిలే. కదలకుండా పి0302 దగ్గరే కూచుందా, ప్లగ్గు మార్చి చూడాలి, అదీ కాకపోతే ఇంజెక్టరు, ఆఖరికి కంప్రెషన్. సిలిండర్ పేరు చెప్పకుండా పి0300 పడితే అప్పుడు ఫ్యూయల్ ప్రెషర్ కొలవాలి, అదీ బండి లోడు మీద ఉండగా.

ట్రయల్‌కు రింగ్ రోడ్డు దాకా పోనక్కర్లేదు. కావాల్సింది లోడు, వేగం కాదు. తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎత్తును థర్డ్ గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కుతూ పెడల్ కాస్త లోతుగా తొక్కితే నలభై దాటకముందే దాని బండారం బయటపడుతుంది.

తప్పంతా మెకానిక్ మీదికి తోసేస్తే మనం పెద్దమనుషులమైపోం. గంటసేపు వెతికినందుకు ఐదొందలు అడిగితే "పార్టేం మార్చావని?" అని కొట్లాటకు దిగేది మనమే. అక్కర్లేని కాయిళ్లకు వేలకు వేలు ఎదురు మాట లేకుండా కట్టేదీ మనమే. వెతకడానికి కూలి దొరకని ఊళ్లో ఎవడు వెతుకుతాడు?

ఈలోగా చెక్ ఇంజిన్ లైటు మిణుకు మిణుకుమంటున్నా "ఆఫీసుకు పోతోంది కదా" అని నడిపేస్తాం. అలా మిణుకుతోందంటే సిలిండర్‌లో కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో కాలుతోందన్నమాట. ఆ వేడికి కన్వర్టర్ లోపలి జాలీ కరిగి మూసుకుపోతే ఉన్న పికప్పూ చస్తుంది. అప్పుడు కొత్త ఎస్టిమేట్ వేస్తారు. ఇంజెక్టర్ క్లీనింగ్ అందులోనూ ఉంటుంది.