కరెంటు ఎక్కడ ఆగిందో వెతికిన రోజులు

మా రోజుల్లో బండి బంద్ పడితే మెకానిక్ మొట్టమొదట అడిగే మాట "ఎట్ల ఆగింది?" అని. టక్కున ఆగిందా, మిస్సింగ్ కొట్టి కొట్టి ఆగిందా, చల్లారినంక మళ్లీ స్టార్టయిందా? వీటికి జవాబు దొరికితే సగం రిపేరు అయిపోయినట్టే. ఇప్పుడు నల్లగొండలోగానీ పాలమూరులోగానీ ఏ షాపు ముందు బండి ఆపినా పోరగాళ్లు అడిగేది "ఏ మోడల్ సార్?" అని. మోడల్ తెలిస్తే పార్టు తెలుస్తుంది. పార్టు మారిస్తే బిల్లు తయారవుతుంది. బండి ఎందుకు ఆగిందో మాత్రం అటు షాపువాడికీ తెలియదు, ఇటు డబ్బు కట్టినవాడికీ తెలియదు.

నేను దేవరకొండలో పానాలు పట్టి బతికినవాణ్ని. నా చేతుల మీదుగా ఎక్కువగా పోయినవి లూనాలు, చేతక్‌లు, టీవీఎస్ ఫిఫ్టీలు. లూనా, చేతక్ రెండూ 1972లో వచ్చాయి, టీవీఎస్ 50 1980లో. ఎర్రబస్సు పోని ఊళ్లకూ తండాలకూ పాలక్యాన్లు, ఎరువు సంచులు, బడిపంతుళ్లు ఆ బండ్ల మీదే చేరేవారు. అన్నిట్లోనూ కరెంటు పుట్టే తీరు ఒక్కటే. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తిరుగుతుంటే కాయిల్‌లో కరెంటు పుడుతుంది. కరెంటు దారిలో ఆనుకుని ఉండే రెండు లోహపు మొనలు, అంటే పాయింట్లు, విడివడిన క్షణాన అది తెగి, పక్క చుట్టలో వేల వోల్టులై, ప్లగ్గు కొసన నిప్పురవ్వగా దూకుతుంది. పాయింట్ల దగ్గరే మెరిసి వృథా కాకుండా ఆపేది కండెన్సర్. ఇంతే. జర్మనీలో బాష్ కంపెనీ 1902లో తెచ్చిన మ్యాగ్నెటో సూత్రం డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత కూడా మా దేవరకొండ రోడ్ల మీద పనిచేసింది.

వెతకడానికి ఒక వరస ఉండేది, ఆ వరస తప్పితే నాకు పని నేర్పిన ఉస్తాద్ ఊరుకునేవాడు కాదు. ముందు ప్లగ్గు విప్పాలి. టూ స్ట్రోక్ బండికి ఆయిలు మసి పేరుకుని, వెంట్రుకంత నల్లటి పోగు ప్లగ్గు కొసన ఉండే సందును కలిపేస్తుంది. దాన్ని గీకేస్తే చాలు, చాలా బండ్లు అక్కడికక్కడే బతికేవి. తర్వాత ప్లగ్గును హెడ్డుకు ఆనించి, పెట్రోలు ఆవిరి వచ్చే రంధ్రానికి దూరంగా పెట్టి, కిక్కు కొట్టాలి. నీలంగా చిటుక్కుమంటే సరే. ఎర్రగా, నీరసంగా ఉంటే లోపలికి పోవాలి. పోయే ముందు స్విచ్చి వైరు ఊడదీసి చూడాలి. వానకు తడిసి స్విచ్చి ఎర్తయి కూర్చుంటే, ఆ ఒక్క వైరు చూడక మంచి కాయిళ్లను చెత్తలో పారేసినవాళ్లున్నారు.

ఇక పాయింట్లు. ఎమ్రీ పేపరుతో సన్నగా రుద్దినంక దాని పొడి అక్కడే ఉంటుంది. పోస్టుకార్డు ముక్క చింపి పాయింట్ల నడుమ పెట్టి, మూసి, మెల్లగా లాగాలి. మొదటిసారి నల్లటి గీత వస్తుంది. గీత రాకుండా కార్డు శుభ్రంగా బయటికొచ్చేదాకా లాగుతూనే ఉండాలి. ఆపైన ఫీలర్ గేజీ తీసి 0.4 మిల్లీమీటర్ల అటూఇటూ గ్యాపు పెట్టాలి. పాయింట్లు రుద్దినా నాలుగు రోజులకే మళ్లీ నల్లగా కాలితే తప్పు పాయింట్లది కాదు, కండెన్సర్‌ది. కాలిన పాయింటు కండెన్సర్ చచ్చిందని చెబుతోంది. దాన్ని చూడకుండా కొత్త పాయింట్లు వేస్తే అవీ కాలతాయి.

మా ఎండల సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కల్వకుర్తిలో బాగా బయల్దేరిన బండి డిండి దగ్గరికొచ్చేసరికి చచ్చిపోతుంది. చెట్టు కింద అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. అది వేడికి చెడే కాయిలో, కండెన్సరో. షాపు నీడలో చల్లటి బండిని చూసి "బాగానే ఉంది పో" అని పంపితే ఆ మనిషి మళ్లీ డిండి దగ్గరే నిలబడతాడు. అందుకే మా ఉస్తాద్ "పో తమ్మీ, బండిని ఉడికించి పట్కరా" అనేవాడు. కాలుతున్న ఇంజనును విప్పి చూసేవాడు.

నాగార్జునసాగర్ దిక్కు నుంచి ఒకసారి పడవకు తగిలించే పాత ఔట్‌బోర్డ్ మోటారు తెచ్చారు. అక్కడ చేపలు పట్టేవాళ్లకు ఎక్కువగా పుట్లూ తెడ్లే, మోటారు అరుదు. తాడు లాగి స్టార్టు చేసేది, రెండు సిలిండర్లది. నేను అంతకుముందు అలాంటిది విప్పలేదు. అయినా ఫ్లైవీల్ తీస్తే లోపల మా చేతక్ సామానే: అయస్కాంతాలు, కాయిళ్లు, పాయింట్లు, కండెన్సర్లు, సిలిండర్‌కొక జత. ఒక ప్లగ్గుకే కరెంటు ఉంది. రెండు కాయిళ్లను అటుదిటు మార్చాను. కాయిలుతో పాటు జబ్బు కూడా అటు పోయింది, కాయిలే దొంగ అని తేలింది. జబ్బు కదలకుండా ఉన్నచోటే ఉంటే పాయింట్లో కండెన్సరో పట్టుబడేది. కొత్త సామాను కొనకుండానే నేరం ఎవరిదో తేల్చే ఉపాయం ఇది. దీన్ని ఇప్పటి షాపుల్లో ఎవరూ నేర్పడం లేదు.

తర్వాత పాయింట్ల స్థానంలో వచ్చిన ఎలక్ట్రానిక్ డబ్బా, సీడీఐ, మీద నాకు కోపం లేదు. అది పాయింట్ల కన్నా మంచిది. దుమ్ముకు చెడదు, అరగదు, గ్యాపు తప్పదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ సిక్స్ వచ్చాక కార్బురేటరు పోయి, ఇంజెక్షను, సెన్సార్లు, లోపల చిన్న కంప్యూటరు వచ్చాయి. పొగ తగ్గింది, సంతోషమే. నాకు కోపమంతా ఆ డబ్బాను సాకుగా పెట్టుకుని ఆలోచించడం మానేసిన చేతుల మీద. స్కానర్ పెడితే ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్ చెప్పేది ఫలానా సెన్సార్ దారిలో తేడా ఉందని మాత్రమే. సెన్సార్ చెడిందా, కనెక్టరు తుప్పు పట్టిందా, ఎలుక వైరు కొరికిందా అన్నది మనిషి చూడాలి. చూడకుండా సెన్సార్ మారుస్తారు. లైటు ఆరకపోతే ఇంకో సెన్సార్ మారుస్తారు. మా బంధువు ఒకాయన కూలి డబ్బులతో కొన్న బండికి ఇట్లా రెండు పార్టులు వేయించుకుని, చివరికి ఊడిన ఒక కనెక్టరు గట్టిగా నొక్కగానే ఇంటికొచ్చాడు. తీసేసిన పాత పార్టులు కూడా అతనికి ఇవ్వలేదు. మా కాలంలో తీసిన పార్టు గిరాకీ చేతిలో పెట్టి, ఎక్కడ చెడిందో చూపెట్టకపోతే పైసలు అడిగే మొహం ఉండేది కాదు.

ఐటీఐల్లో మోటారు పని నేర్పే సార్లకు నా మనవి ఒకటే. పిల్లలకు స్కానర్ ఇచ్చే ముందు ఒక పాత లూనా ఇంజను ఇవ్వండి, కరెంటు ఎక్కడ ఆగిందో వాళ్లతోనే వెతికించండి. చదివేవాళ్లకూ ఒక మాట. ఈసారి బండి షాపుకు పోతే, మార్చిన పార్టు అడిగి తీసుకోండి, అది ఎక్కడ చెడిందో చూపించమనండి. చూపించగలిగినవాడి దగ్గరికే మళ్లీ పోండి.