తొండికో కమిటీ

ఎవరి కేసులో వారినే జడ్జిగా కూర్చోబెట్టే పద్ధతి లోకంలో ఎక్కడా లేదు. ఒక్క టెన్నిస్‌లో ఉంది. అంపైర్ లేని మ్యాచ్‌లో నెట్‌కి ఇటువైపు పడిన బంతి లోపల పడిందో బయట పడిందో ఇటువైపు వాడే చెప్పాలి. అంటే దెబ్బ తిన్నవాడే ఆ దెబ్బ తగిలిందో లేదో తేలుస్తాడన్నమాట. ఈ ఏర్పాటు చేసినవాళ్లు పరమ అమాయకులైనా అయ్యుండాలి, మహానుభావులైనా అయ్యుండాలి.

అమెరికాలో యూఎస్‌టీఏ లీగ్ అని ఒకటుంది. 1980లో మొదలైంది. కోడ్ రాసేవాళ్లు, పళ్లు పీకేవాళ్లు, ఇళ్లు అమ్మిపెట్టేవాళ్లు లక్షల మంది అందులో ఆడతారు. ఫ్రిస్కో నుంచి ఎడిసన్ దాకా మనవాళ్లూ తక్కువేం కాదు. గెలిస్తే డబ్బు రాదు, ఓడితే ఉద్యోగం పోదు. పోయేదేమీ లేదు కాబట్టే ప్రాణాలకు తెగించి పోట్లాడతారు.

పోట్లాటలు రాకుండా ‘ది కోడ్’ అనే నియమావళి ఉంది. బంతి వెంట్రుకవాసి గీతకు తగిలినా లోపలే. అనుమానం వస్తే ఆ లాభం అవతలివాడిదే. డబుల్స్ జోడీలో ఒకరు ఔట్ అని, రెండోవారు కాదంటే అది లోపలే. చూసేవాళ్లు తీర్పులు చెప్పకూడదు. కంచె అవతల మడతకుర్చీలో కూర్చున్న బావమరిది కంటిచూపు ఎంత చురుకైనదైనా సరే, ఆయన సాక్ష్యం చెల్లదు. స్కోరు మీద పేచీ వస్తే ఇద్దరూ ఒప్పుకున్న పాయింట్లన్నీ లెక్కలోకి వస్తాయి, తేడా వచ్చిన పాయింటే మళ్లీ ఆడుకోవచ్చు. అదీ కుదరకపోతే ఇద్దరికీ సమ్మతమైన స్కోరు నుంచి మొదలుపెట్టవచ్చు. ఏదీ కుదరకపోతే బొమ్మా బొరుసూ. మాస్టర్స్ డిగ్రీలున్న నలుగురు మనుషులు నలభై దాకా లెక్కపెట్టలేక నాణెం కోసం వెతుక్కుంటారు. అదీ దొరకదు, డబ్బంతా ఫోన్లోనే ఉంటుంది. చివరికి రాకెట్ తిప్పి తేల్చుకుంటారు.

నియమావళిలో తప్పేం లేదు. కాకపోతే దాన్ని అన్ని స్కోర్లకీ ఒకటే మనిషి ఉంటాడనుకుని రాశారు. నలభై-పదిహేనుతో ముందున్నప్పుడు మనవాడు సాక్షాత్తూ ధర్మరాజు. “బాగుంది షాట్” అని బయట పడిన బంతిని కూడా దానం చేసేస్తాడు. ముప్ఫై-నలభై దగ్గరికొచ్చేసరికి శకుని పూనుతాడు. గీత మీద పడిన బంతి ఆయనకు గీతకు జానెడు అవతల కనిపిస్తుంది. ఆయన అబద్ధం చెబుతున్నాడనలేం. నిజంగానే అలా కనిపిస్తుంది. అదే అసలు జబ్బు.

గీత మీద తొండి చిల్లర తొండి. టోకు తొండి రేటింగ్‌లో ఉంది. ఎన్‌టీఆర్‌పీ అనే పద్ధతిలో ఆటగాళ్లను 1.5 నుంచి 7.0 దాకా అర మెట్టు చొప్పున విడదీస్తారు. కొత్తగా చేరేవాడు తన ఆట ఏపాటిదో ఫారంలో తానే రాసుకోవాలి. చిన్నప్పటి నుంచి ర్యాంకు పెంచుకోవడానికి ట్యూషన్ల చుట్టూ తిరిగిన పెద్దమనిషి ఇక్కడ తన ర్యాంకు దించుకోవడానికి పడే పాట్లు చూసి తీరాలి. రెజ్యూమెలో మూడేళ్ల అనుభవాన్ని ఎనిమిదేళ్లు చేసిన చెయ్యే, ఈ ఫారంలో ఎనిమిదేళ్ల ఆటను “ఎప్పుడో కాలేజీలో సరదాగా” అని కుదిస్తుంది. ఎందుకంటారా? పై మెట్టులో చేరితే అందరిలో ఒకడు, కింది మెట్టులో ఉంటే మహారాజు. ఊళ్లో గెలిస్తే సెక్షన్ పోటీలు, అక్కడా గెలిస్తే జాతీయ పోటీలు.

ఈ రేటింగ్ తొండిని పట్టుకోవడానికి కంప్యూటర్‌ను కూర్చోబెట్టారు. ప్రతి మ్యాచ్ తర్వాత అది లోలోపల రేటింగ్ లెక్క కడుతుంది. తనకు తానే రేటింగ్ వేసుకున్నవాడి అంకె మూడుసార్లు హద్దు దాటితే ఆ మెట్టు నుంచి వెళ్లగొడతారు. అయితే ఆ లెక్క గేమ్‌ల తేడాను చూస్తుందని మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారు. అందుకే ఘనుడెప్పుడూ 6-0, 6-0తో గెలవడు. 6-4, 6-4తో, చెమట తుడుచుకుంటూ, “ఏదో అదృష్టం” అంటూ గెలుస్తాడు. ఓడినట్టు నటించడం కంటే కష్టపడి గెలిచినట్టు నటించడానికి ఎక్కువ ప్రతిభ కావాలి. ఆ ప్రతిభకు రేటింగ్ ఎవరూ వేయరు.

ఇక ఫిర్యాదులు. వీటికి గ్రీవెన్స్ కమిటీ ఉంది, దాని మీద అప్పీళ్ల కమిటీ ఉంది. ఫిర్యాదు రాతపూర్వకంగా, గడువు లోపల, ఏ నిబంధన తప్పారో చెబుతూ ఇవ్వాలి. అవతలివాడికి జవాబు చెప్పుకునే హక్కుంటుంది. అంతా న్యాయంగానే ఉంది. ఓడిన రాత్రి పన్నెండు గంటలకు జట్టు కెప్టెన్ రాసే అర్జీ మాత్రం ఇలా ఉంటుంది: “విషయం: ప్రత్యర్థి జట్టు నైతిక పతనం గురించి.” నాలుగు పేజీలుంటుంది. అందులో బంతి గుర్తుల ఫొటోలు ఆరు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు పదకొండు, 2019 నాటి పాత కక్ష ఒకటి. తప్పిన నిబంధన ఏదో మాత్రం ఎక్కడా ఉండదు. దాన్ని చదవాల్సింది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. వాళ్లూ ఎప్పుడో ఆడుకోవడానికే వచ్చారు పాపం. కమిటీలో వేశాక రాకెట్ పట్టుకునే తీరిక లేదు.

ఇదంతా కంటిచూపు గొడవ, కెమెరా పెడితే తీరిపోతుందనే వాళ్లున్నారు. వింబుల్డన్‌లో 2025లో లైన్ జడ్జీలను పూర్తిగా తీసేసి కెమెరాలకు అప్పగించారు. ఆ ఏడాదే సెంటర్ కోర్టులో పావ్ల్యుచెంకోవా, కార్టల్ మ్యాచ్ నడుస్తుండగా ఒకవైపు ఆ యంత్రాన్ని ఎవరో పొరపాటున ఆపేశారు. బయట పడిన బంతికి తీర్పు రాలేదు. అంపైర్ పాయింటు మళ్లీ ఆడించాడు. పావ్ల్యుచెంకోవా ఆ గేమ్ పోగొట్టుకుంది, అడగాల్సిన నాలుగు మాటలూ అక్కడే అడిగింది, తర్వాత మ్యాచ్ గెలిచింది. మన కెప్టెనైతే ఆ గేమ్ దగ్గరే ఆగిపోయి, అర్జీ మొదటి వాక్యం ఆలోచిస్తూ మిగతా సెట్లన్నీ ఓడిపోయేవాడు.

ఫిర్యాదే వద్దని కాదు. దొంగ రేటింగ్‌తో వచ్చి నిజమైన కొత్తవాళ్ల ఆదివారాలు పాడుచేసేవాడి మీద, నోరు పారేసుకునేవాడి మీద, ఆడని స్కోరు ఎక్కించినవాడి మీద ఫిర్యాదు చేసి తీరాలి. అక్కడ మొహమాటపడి ఊరుకుంటే అది పెద్దమనిషితనం కాదు, తొండికి తోడ్పాటు. ఒక పేజీలో, తప్పిన నిబంధన పేరు చెప్పి, సాక్షుల పేర్లు రాసి ఇవ్వండి. గీత మీద బంతి గురించి మాత్రం రాయకండి. ఆట ముగిశాక దాన్ని తేల్చడం ఏ కమిటీ వల్లా కాదు.

కోర్టుకెక్కితే ఓడినవాడు అక్కడే ఏడుస్తాడనీ, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడనీ మన పెద్దలు ఏ కోర్టును చూసి అన్నారో గానీ, ఈ కోర్టుకీ సరిపోయింది. కాబట్టి కెప్టెన్లందరికీ మనవి: సందేహం ఉంటే బంతి లోపలే. స్కోరు ముప్ఫై-నలభై అయినప్పుడు సందేహం లేకపోయినా లోపలే అనండి. కమిటీవాళ్లు కూడా కాస్త ఆడుకుంటారు.