లోపలి కుట్లు

చీర మహా మర్యాదస్తురాలు. పెళ్లినాడు కట్టిన చీర అరవయ్యో ఏట కట్టినా ఒక్క మాటనదు. మహా అయితే రెండు కుచ్చిళ్లు తగ్గుతాయి. చాడీలన్నీ చెప్పేది జాకెట్టే. హుక్కు పడలేదంటే పడలేదంతే, దానికి మొహమాటం లేదు.

రెడీమేడ్ కుర్తీల గొడవ ఇంకో రకం. మా అమ్మాయి ఫోన్లో తెప్పించేవాటిలో ఒక కంపెనీ ‘ఎల్’ దాని భుజాల దగ్గరే ఆగిపోతుంది. ఇంకో కంపెనీ ‘ఎల్’లో తల్లీకూతుళ్లం ఇద్దరం పడతాం. ఇంత తేడా ఎందుకు మరి? మన కంపెనీలు ఇన్నాళ్లూ అమెరికా, బ్రిటన్ పట్టికలనే అటూ ఇటూ సవరించి వాడుకుంటూ వచ్చాయి. ఆ అమెరికా లెక్క ఎలా పుట్టిందంటే, 1939-40లో అక్కడి వ్యవసాయ శాఖ (పంటల పని తక్కువైందేమో!) సుమారు 15,000 మంది ఆడవాళ్లకు తలా 59 కొలతలు తీసింది. లెక్క తేల్చేటప్పుడు మాత్రం తెల్లవాళ్ల కొలతలే ఉంచుకుని మిగతావి పక్కన పడేసింది. దాని ఆధారంగా 1958లో సైజుల పట్టిక వచ్చింది. 1983లో దాన్ని వాళ్లే రద్దు చేసుకున్నారు.

అక్కడ ‘పెటీట్’ అని ఒక వరుస ఉంటుంది, 5 అడుగుల 4 అంగుళాల లోపువాళ్ల కోసం. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. ఆ లెక్కన ఇబ్రహీంపట్నం బస్టాండులో నిలబడ్డ ఆడవాళ్లం దాదాపు అందరం పెటీట్లమే. నడుము దగ్గరికొచ్చేసరికి ఆ బిరుదు చెల్లదు.

చివరికి మన జౌళి శాఖ, ఫ్యాషన్ చదువులు చెప్పే నిఫ్ట్ సంస్థకు ‘ఇండియా సైజ్’ సర్వే అప్పజెప్పింది. 15 నుంచి 65 ఏళ్ల లోపు 25,000 మందిని, ఆడా మగా, ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లతో కొలవడం. అందులో హైదరాబాదూ ఉంది. మనిషిని ముట్టుకోకుండానే కొలతలు తీసే మిషన్ అని మా టైలరమ్మకు చెబితే, “కడుపు లోపలికి పీల్చుకుంటే గుర్తువడుతదా?” అని అడిగింది.

ఆమె గుర్తుపడుతుంది. టేపు చుట్టి, మనం ఊపిరి వదిలేదాకా ఏదో మాట్లాడుతూ ఉంటుంది. శేరిగూడ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, తండాల నుంచి వచ్చే లంబాడీ అక్కలు, యాభై దాటిన నాలాంటివాళ్లు, ముగ్గురికీ ఛాతీ 36 వచ్చినా కటింగ్ ఒకటి కాదు. నాట్లేసే మనిషికి దండచేయి దగ్గర లూజు. పెద్దవాళ్లకు వీపు వంగుతుంది గనక వెనక పొడవు పెంచి, ముందు తగ్గిస్తుంది. వీపు అలా వంగడానికి వెన్నుపూసల మధ్య డిస్కులు పలచబడడం ఒక కారణమంటారు డాక్టర్లు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి, తుంటి మీది కొవ్వు పొట్టకు బదిలీ అవుతుందనీ అంటారు. సర్కారీ బదిలీనైనా పైరవీ చేసి ఆపించుకోవచ్చు, దీన్ని ఆపలేం. పైగా మన దక్షిణాసియా వాళ్లకు పొట్ట దగ్గరే చేరే గుణం ఎక్కువట. అమెరికాలో ఆడవాళ్ల నడుము 88 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమంటారు, మనకు 80కే గంట కొడతారు. టేపు మీద ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు! ఆ అంకెతో నాకు పరిచయం తప్పి చాలా ఏళ్లైంది.

మొన్న శ్రావణం ముందు జాకెట్లు కుట్టించడానికి తల్లీకూతుళ్లం ఇద్దరం టైలరమ్మ దగ్గరికి పోయాం. నేనిచ్చిన కొలత జాకెట్‌ను ఆమె తిరగేసి చూసింది.

“ఇది ఎప్పటిదక్కా?”

“మొన్నటిదే.”

“మొన్న అంటే, మీ బిడ్డ పుట్టకముందా? లోపల మూడు కుట్లు ఇప్పేసిండ్రు. ఇగ ఒక్కటే ఉన్నది.”

మా అమ్మాయి పగలబడి నవ్వింది. తన వంతు రాగానే, ఒంటికి అతుక్కున్నట్టుండాలని గట్టిగా చెప్పింది. ఆమె సరేనని, చాక్‌పీసుతో గీత గీసి, దానికి అవతల రెండంగుళాలు వదిలి కత్తెర పెట్టింది.

“అంత గుడ్డ ఎందుకు ఆంటీ? నేను జిమ్‌కు పోతున్న!”

“పో బిడ్డా, మంచిగ పో,” అంది ఆమె, కత్తెర ఆపకుండానే. “అది లోపలనే ఉంటది, నిన్నేం అనదు.”