నల్లా రాని రోజు మాస్కు

ముఖానికి షీట్ మాస్కు ఎన్నాళ్లకోసారి పెట్టుకోవాలని ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం చౌరస్తా దాకా ఎవరిని అడిగినా జవాబు దొరుకుతుంది. కాకపోతే ఎవరి జవాబు వాళ్లకు గిట్టుబాటయ్యేలా ఉంటుంది. అమ్మే పిల్ల "రోజూ పెట్టుకోవచ్చు మేడమ్, కొరియాల అట్లనే పెట్టుకుంటరు" అంటుంది. పార్లర్ అక్క అవన్నీ దండగని తేల్చేసి, నెలకోసారి తన కుర్చీలో కూర్చుంటే చాలంటుంది. మా ఆయన ప్యాకెట్ తిప్పి ధర చూసి, "దసరాకోసారి చాలదా?" అన్నారు.

కొరియా సంగతి అబద్ధం కాదు. రోజుకో మాస్కు చొప్పున పెట్టుకునే వేలంవెర్రి అక్కడ నిజంగానే నడిచింది. అయితే వాళ్లకు ఉప్పల్–నారపల్లి రోడ్డు లేదు. ఆరు కిలోమీటర్ల పైవంతెనకు 2018లో శంకుస్థాపన చేశారు. స్తంభాలు లేచాయి. వాటి మీద పోస్టర్లు మారాయి. వంతెన పూర్తికాకముందే ప్రభుత్వమే మారింది. ఆ ఏళ్లన్నిట్లో బోడుప్పల్ వైపు నుంచి బండి మీద ఇల్లు చేరిన మనిషిని ఇంట్లోవాళ్లు గొంతును బట్టి పోల్చుకోవాల్సి వచ్చేది. భూమి పొరల మీద పరిశోధన చేసే ఎన్‌జీఆర్‌ఐ ఉప్పల్‌కు రెండు మెట్రో స్టేషన్ల దూరంలోనే ఉంది. ఆ శాస్త్రవేత్తలు ఓ పూట తీరిక చేసుకుని నా చెంప మీద తవ్వితే శంకుస్థాపన నాటి పొర కూడా బయటపడుతుందని నా నమ్మకం.

ఆ దుమ్ము మీదే మాస్కు పరిస్తే ఒరిగేదేమీ లేదు. ముందు ముఖం శుభ్రంగా కడుక్కోవాలి. అసలు ఆ గుడ్డ చేసే పని చిన్నది. ఇరవై పాతిక మిల్లీలీటర్ల ద్రవంలో అది నానుతూ ఉంటుంది. ఆ ద్రవంలో నీళ్లతో పాటు గ్లిజరిన్, హైలురానిక్ యాసిడ్ లాంటివి ఉంటాయి. గుడ్డ కప్పి ఉన్నంతసేపూ తడి గాల్లో కలిసిపోదు, ఈలోగా చర్మం పైపొర ఆ తడిని పీల్చుకుని నున్నగా ఉబ్బుతుంది. ఆ నిగారింపు ఎంతోసేపు నిలవదు. పెళ్లికి వెళ్లదలిస్తే వెంటనే బయల్దేరాలి, ఆటో కోసం బేరమాడుతూ నిలబడకూడదు. పదిహేను, ఇరవై నిమిషాలు కాగానే గుడ్డ ఇంకా తడిగా ఉండగానే తీసేయాలి. డబ్బు పోసి కొన్నాం కదా అని ఎండేదాకా ఉంచితే, ఇచ్చిన తడిని అదే తిరిగి లాక్కుంటుంది.

తడి కోసం పెట్టుకునే మామూలు మాస్కు వారానికి రెండు మూడుసార్లు చాలు. సాలిసిలిక్, గ్లైకాలిక్ యాసిడ్లు కలిపినవైతే వారానికి ఒక్కసారే, అదీ చర్మం ఒప్పుకుంటేనే. మోతాదు మించితే ఎరుపు, మంట, చిన్న చిన్న పొక్కులు. డాక్టర్లు సాధారణంగా చెప్పేది ఇంతే.

చెప్పేది డాక్టర్లే అయినా, మా నాచారంలో దాన్ని అమలు చేసేది నల్లా. మా కాలనీకి మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. వచ్చే రోజు సంపు మూత తీసిపెట్టాలి, బిందెలు వరస పెట్టాలి, పక్కింటివాళ్లు నల్లాకే మోటారు బిగించారేమోనని గోడకు చెవి ఆనించి వినాలి. అలాంటి పూట ముఖానికి గుడ్డ కప్పుకుని కదలకుండా పడుకోగల ఇల్లాలు మా వీధిలో ఇంకా పుట్టలేదు. కనుక నల్లా రాని రోజే మాస్కు రోజు. అలాంటివి వారానికి మూడో నాలుగో వస్తాయి, అందులో శుక్రవారం తగిలితే తలస్నానం, పూజ కింద ఒకటి ఎగిరిపోతుంది. మిగిలేది రెండు మూడు! చర్మ వైద్యులూ వాటర్ బోర్డూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒకే లెక్కకు వచ్చారు. ఈ నగరంలో రెండు శాఖలు ఒక్క మాట మీద ఉండగా నేను చూసింది ఇదొక్కటే.

ఈ లెక్కను మొదట్లో ఒప్పుకోనిది మా అత్తమ్మ. ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో మా నాచారంలోదే కాబట్టి వేషాల విషయంలో ఆమెకు గట్టి కొలమానాలున్నాయి. చీకట్లో నన్ను చూసి, "ఏందే బిడ్డా, స్టూడియోల గూడ ఎవ్వరు గిట్ల వేషం కట్టలే!" అంది. ఆమె లెక్కలో ముఖానికైనా ఒంటికైనా నలుగు పెట్టేది భోగికి, ఉగాదికి, దీపావళికి, ఇంట్లో పెళ్లికి. "ఇయ్యాల బుధవారం. ఏం పండుగొచ్చిందని?" నేను జవాబు చెప్పలేదు. మాస్కు కింద పెదవులు కదిపితే ముక్కు దగ్గర గుడ్డ లేస్తుంది.

ఆమె మనసు మారింది ప్యాకెట్ అడుగున మిగిలిన ద్రవం చూసి. పేస్టు ట్యూబును కత్తెరతో చీరి మరో వారం లాగే మనిషి, వంద రూపాయల ప్యాకెట్టును సగం రసంతో చెత్తబుట్టలో పడనిస్తుందా? "అండ్ల ఇంకింత ఉన్నదిగదనే!" అని గుంజుకుని ముందు మోచేతులకు, తర్వాత మోకాళ్లకు, చివరికి పగిలిన మడమలకు పట్టించింది. నా ముఖంలో ఏ తేడా కనిపించిందో చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. ఆమె మడమలను మాత్రం ఎదురింటి పెద్దమ్మ పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్లింది.

అప్పటి నుంచి షెడ్యూలు నా చేతిలో లేదు. నల్లా లేని రోజు సాయంత్రం కాగానే అత్తమ్మ ఫ్రిజ్ తలుపు తీసి, ప్యాకెట్ పట్టుకొచ్చి నా ముందు పెడుతుంది. ఒళ్లు నలతగా ఉందన్నా వినదు. వద్దంటే, "డాక్టర్లే చెప్పిండ్రంటివి గద" అని నా మాటే నాకు అప్పజెబుతుంది.

మొన్న వాటర్ బోర్డు నుంచి మెసేజ్ వచ్చింది. పైపులైను మరమ్మతు, రెండు రోజులు నీళ్లు బంద్. ఇదివరకైతే ఆమె ఆ అధికారుల ఏడు తరాలనూ తలచుకునేది. ఈసారి వేళ్ల మీద ఏదో లెక్కేసి, కాళ్లు చాపి కూర్చుని అడిగింది: "బిడ్డా, పొద్దుకొకటి పెట్టుకుంటవా, ఒక్కరోజే రెండు పెట్టుకుంటవా?"