చెవిన పడనిస్తేగా వినడానికి!

ఏలూరులో ఏ తల్లిని కదిపినా ఒకటే మాట: ‘‘మా వాడికి ఎంత చెప్పినా చెవికెక్కదండీ.’’ ఎక్కనిస్తున్నామా అసలు?

మా రోజుల్లో ఊళ్లో చప్పుడు లేదని అనను. జూట్ మిల్లు కూత ఉండేది, రైళ్లుండేవి. అవి వచ్చి పోయేవి, మళ్లీ మాస్టారి గొంతే వినిపించేది. ఒకడు ఎక్కం చెబితే పక్కవాడు అందుకోవాలి. చెవి ఒగ్గకపోతే అందదు. అవధానాలకు మా నాన్నగారు వెంటబెట్టుకెళ్లేవారు. ఒకపక్క సమస్య, ఇంకోపక్క అప్రస్తుత ప్రసంగం, మధ్యమధ్య గంట. ఎన్ని గంటలు కొట్టారో అవధాని చివర్లో చెప్పేవారు. ఇంటికొచ్చి మేమూ చెంబు మీద గరిటెతో అదే ఆట. గోలలోంచి కావలసింది ఏరుకోవడం చెవికి అలా అలవాటైంది.

ఇప్పుడో? రోడ్డు పక్కన బడి, స్లాబు గది, కింద టైల్స్, పైన గరగరలాడే ఫ్యాన్లు. మాస్టారి మాట గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి తర్వాతి మాటను మింగేస్తుంది. వెనక బెంచీకి చేరేసరికి గొంతు సన్నబడుతుంది, హోరు మాత్రం తగ్గదు. పెద్దవాళ్లం సగం విన్నా మిగతాది ఊహించుకుంటాం. ఏడేళ్ల పిల్లకు ఆ మాటలే కొత్త, దేంతో పూరించుకుంటుంది?

పాఠం చెప్పే గదిలో వెనక చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ఉంచడానికి మన దేశంలో 2000లో నియమాలొచ్చాయి. బడి గేటు ముందు హారన్ మోగించేవాడికీ, పరీక్షల వేళ డీజే పెట్టేవాడికీ అవి పట్టవు. అడిగే నాథుడూ లేడు.

ముందు పిల్లల చెవులు డాక్టరుకు చూపించండి. మాటిమాటికీ జలుబు చేసి చెవిపోటు వచ్చినా, చీము కారినా వినికిడి తగ్గుతుంది. అలాంటి పిల్లాణ్ని మొద్దు అనడం పాపం. చెవిలో నూనె పోయకండి. వినికిడి తక్కువైనవాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టమని మాస్టారిని అడగండి. బడిలో ఫ్యాన్లు బాగు చేయించండి, బెంచీల కాళ్లకు రబ్బరు తొడుగులు వేయించండి, కిటికీలకు మందపాటి తెరలు కట్టించండి. లక్షలేమీ కావు. ఇంట్లో రోజూ కాసేపు టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని కథ చెప్పండి, మళ్లీ వాళ్లచేత చెప్పించండి.

వినడం నేర్చుకోవడం పిల్లల వంతు. వినిపించేలా చేయడం మన వంతు. మన వంతు చేయకుండా వాళ్ల మీద అరిస్తే, అదీ ఇంకో చప్పుడే.