నేను పింగాణిపొరను

నా మందము ఇంచుమించు అర మిల్లీమీటరు. విజయవాడలోని యొక ల్యాబునందు కొలిమిలో కాలి పుట్టితిని. ఆ కష్టము నేకరువు పెట్టి మిమ్ము విసిగింపను. వంశప్రతిష్ఠ మాత్రము చెప్పక మానను. చార్లెస్ పింకస్ అను అమెరికా దంతవైద్యుడు హాలీవుడ్ నటుల పండ్లపై మా పూర్వులను జిగురుపొడితో తాత్కాలికముగ నిలిపెడివాడు. ఎనామెలును ఫాస్ఫారికామ్లముతో గరుకుచేసి అంటించు మర్మమును 1955లో బ్యూనోకోర్ అను మరియొక దంతవైద్యుడు వెల్లడించిన పిమ్మట, 1980ల నాటికి గాని మాకు పంటిపై స్థిరవాసము సిద్ధింపలేదు.

నాకు దొరకిన నెలవు నందిగామ మెట్టపల్లెలో పెరిగిన యొక యువకుని ముందుపన్ను. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రామునకు మించరాదనియు, వేరు గతి లేనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చుననియు ప్రమాణము చెప్పుచుండగా, అంతకు మించిన బోరునీటిని పసితనమున త్రాగినందున, చిగురులోపల రూపొందుచున్నప్పుడే ఆ పంటికి గార పట్టినది. ఎంత తోమినను వదలునది కాదు. జగ్గయ్యపేట సంబంధము కుదిరి ముహూర్తము దగ్గరపడగా, పైవరుసలోని నాలుగు పండ్లకు మమ్ము నలువురను అంటింప నిశ్చయించిరి.

వైద్యుడు వన్నెల పట్టీ తెచ్చి, ప్రక్కపండ్లతో పోల్చి, లేతపసుపు ఛాయను సూచించెను. వరుని మేనమామ అన్నిటికంటె తెల్లనిదానిపై వ్రేలుంచి, "ఎటూ డబ్బు పెడుతున్నాం గదండీ, తళతళలాడేది పెట్టండి" అనెను. నా దుర్గతి అచటనే ఆరంభమైనది. సహజదంతము చిగురుకడ పసుపు దేలి, కొసన వెలుతురును చొరనిచ్చును. ఆ సొగసు నాకీయదలచి పలుచన చేసినచో వెనుకనున్న గార బూడిదరంగై తొంగిచూచును, దానిని మరుగుపరుప దట్టపు తెలుపు నద్దినచో జీవము పోవును. నాకు రెండవదే ప్రాప్తించినది. కోరపండ్లును క్రిందివరుసయు గారతోనే యుండగా, పెండ్లికొడుకు నవ్వినప్పుడెల్ల తెలుపు నాలుగు పండ్లతో తెగిపోయెడిది. పేట సున్నపురాతికి ప్రసిద్ధి గదా, పెండ్లివారిలో నొక ముదుసలి "మన ఊరి సున్నమే కొట్టించారా?" అని మేలమాడినది. నింద నాకు, ఎన్నిక మేనమామది!

తరువాతి నిర్లక్ష్యము నేమని చెప్పుదును? పింగాణికి మరక సులభముగ నంటదు. అంటునది అంచుననున్న జిగురునకు. తేనీరు, గుట్కా అచట గోధుమవన్నె గీతను దీర్చినవి. ఊడునేమోయని అతడు నా దరికి బ్రష్షు రానీయలేదు. పాచి పేరుకొని చిగురు వాచి ఎఱ్ఱనైనది. నే నూడుదునని భయపడినవాడు సోడామూతను మాత్రము నాతోనే విప్పెడివాడు! ఫ్లోరైడు పట్టిన ఎనామెలు పైపొర ఆమ్లమునకు తేలికగ లొంగదు గనుక నా పట్టును మొదటినుండి అంతంతమాత్రమే. ఒకనాడు చెఱకు కొఱుకుచుండగా ఊడితిని. నాకై అరగదీసిన పన్ను చన్నీటికి జివ్వుమనగా నన్నే తిట్టి, సిగరెట్టు కాగితమున చుట్టి, కిటికీలోని సబ్బుపెట్టెలో అరిగిన బ్లేడు ప్రక్కన పడవేసెను.

నేను పగులలేదు. పగులక ఊడినదానిని శుభ్రపరచి మరల అంటింపవచ్చును. మీలో నెవరైన నందిగామ పోవుచో ఆ మాట యాతని చెవిని వేయుడు.