హాజరు మార్కులు

2010లో ఇద్దరు ఆచార్యులు మన ముస్లింల పరువు తీశారు. జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అప్పట్లో పాఠాలు చెప్పే షెహరజాదె రెహ్మాన్, హుస్సేన్ అస్కరీ. ఇస్లాం కోరిన న్యాయం, నిజాయతీ, పేదల బాగోగులు ఏ దేశంలో ఎంతున్నాయో లెక్కగట్టి 208 దేశాలకు ర్యాంకులిచ్చారు. మొదటి ర్యాంకు న్యూజిలాండుకొచ్చింది! ముస్లిం దేశాల్లో ముందున్న మలేసియాది 38. కాబా ఉన్న సౌదీది 131.

వాళ్ల కొలబద్దలో లొసుగుల్లేవనను. డబ్బున్న దేశాలకు మార్కులు సులువుగా పడే లెక్క అది. అయినా అంత గొయ్యిని పూడ్చేంత లొసుగైతే కనబడలేదు.

న్యూజిలాండులో సగటు యజమానికి నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ చెయ్యడం రాదు. నమాజుకు తిరగాల్సిన దిక్కు, ఖిబ్లా ఎటో తెలీదు. పాపం, చెప్పిన రోజుకి జీతం మాత్రం ఇచ్చేస్తాడు.

మన దగ్గర అలాంటి లోటు లేదు. 2016లో సౌదీలో వేలమంది భారతీయ కార్మికులకు నెలల తరబడి జీతాల్లేవు. జెడ్డాలోని భారత కాన్సులేటు అన్నం పెట్టించాల్సి వచ్చింది. చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టమన్న ప్రవక్త పుట్టిన నేల అది! గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన జగిత్యాల, నిజామాబాదు కూలీలను అడగండి, తమ పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉండేదో చెబుతారు. దాని పైన గోడకు ఏ ఖురాన్ ఆయతు ఫ్రేము కట్టి ఉండేదో కూడా చెబుతారు.

ఇంతదూరం ఎందుకు? ఖురాన్‌లోని సూరా మావూన్ మనకెంతో ఇష్టం. ఏడే ఆయతులు, నమాజు తొందరగా తెమిలిపోతుంది. అనాథను గెంటేసేవాడే ధర్మాన్ని కాదన్నవాడనీ, నలుగురూ చూడాలని నమాజు చేస్తూ ఇరుగుపొరుగుకు చిన్న సామాను కూడా వాడుకోనివ్వనివాళ్లకు నాశనమనీ అందులో ఉంది. దాన్ని గుక్కతిప్పుకోకుండా చదివేసి, సలాం చెప్పి, గుమ్మంలో చెయ్యి చాచిన పిల్లాణ్ణి అదిలించి చెప్పులు వెతుక్కుంటాం.

ఎగ్గొట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు, అడ్డుపడేవాళ్లూ ఉన్నారు. దైవవాణి దిగకముందు మక్కాలో ఒక ఖురైషీ తెగ పెద్దమనిషి యెమెన్ వర్తకుడి సరుకు తీసుకుని డబ్బెగ్గొట్టాడు. బాధితుడు ఎవడైనా సరే, వాడి పక్షాన నిలబడతామని కొందరు ఒట్టేసుకున్నారు. హిల్ఫుల్ ఫుజూల్ అంటారు దాన్ని. యువకుడైన ముహమ్మద్ అందులో ఉన్నారు. ప్రవక్త అయ్యాక కూడా, అలాంటి ఒడంబడికకు పిలిస్తే ఇప్పుడైనా వస్తానన్నారు. మనమైతే ముందు సభ్యుల గడ్డాలు కొలిచేవాళ్లం. వర్తకుడి ఫిర్యాదు వచ్చే శుక్రవారానికి వాయిదా.

గుడివాళ్లూ చర్చివాళ్లూ ముసిముసిగా నవ్వుతున్నట్టున్నారు. నవ్వండి. మీ పుస్తకాలు కూడా ఆ ఆచార్యులకు పోస్టు చేస్తున్నాను.